పదకొండో మెట్ట

ధూళికొండ మీది విద్యుత్ ప్రసార కేంద్రానికి ఆ ఉదయం వానలో తడుస్తూ ఒకామె వచ్చింది. తుపాను తీరం దాటి మూడు రోజులైనా జల్లు ఆగలేదు. కరెంటు స్తంభాలు కూలాయి, సెల్ టవర్లు మూగబోయాయి, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. ఆమె ముందురోజు పొద్దున్నే బయలుదేరి, దారిలో ఎవరింట్లోనో తలదాచుకుని, మొత్తం నలభై కిలోమీటర్లలో సగం నడిచీ సగం ట్రాక్టర్ ఎక్కీ వచ్చింది.

క్వార్టర్స్ వరండాలో నిలబడి ఉన్న నీలవేణి ఆమెకు తువ్వాలు, వేడి టీ ఇచ్చింది.

"ఉసిరిపుట్టు బడిలో టీచర్ని మేడమ్. కొర్రా దమయంతి నా పేరు. మావూరోళ్ళు పడిపోతన్నారు. తాగి పడిపోతన్నారంటే మేము ఒప్పుకోం. మా మాట వినే పెద్ద ఆఫీసర్లుండేది ఇక్కడేనన్నారు, ఆ సంగతి చెప్పడానికొచ్చాను."

ఆమె తడి సంచిలోంచి ఫోన్ తీసి వీడియో చూపించింది. నలభై ఏళ్ళ మనిషి ఒకడు పొలం గట్టు మీద నడుస్తున్నాడు. నాలుగడుగులు వేసి, ఎవరో పక్కనుంచి తోసినట్టు ఒరిగిపోయాడు. చేతులతో నేలను పట్టుకుని లేచాడు. మళ్ళీ అటే ఒరిగాడు.

"ఈయన కిల్లో గాసన్న. రెండేళ్ళుగా ఇంతే. ఆస్పత్రికి తీసుకెళ్తే జీలుగు కల్లు మానెయ్యమన్నారు. ఆయన కల్లు ముట్టడు మేడమ్. పగలు ఎలాగో నడుస్తాడు. చీకటి పడితే కూచున్న చోటునుంచి కదల్లేడు."

"ఎంతమందికిలా ఉంది?"

"పదిహేడు మందికి. అందరూ పై ఇళ్ళోళ్ళే. కింద ఇళ్ళోళ్ళకి ఏటీ నేదు."

నీలవేణి చెయ్యి చాపింది. ఫోన్ తీసుకుని వీడియో మళ్ళీ చూసింది. ఈ ఒరగడం ఆమెకు తెలుసు. ఇదే కేంద్రంలో, ప్రయోగాల రోజుల్లో, పంజరంలో ఎలుకలు ఇలాగే ఒక పక్కకి ఒరిగి గుండ్రంగా తిరిగాయి.

ఆమె భూగోళ శాస్త్రవేత్త. శిఖరాలను కొలవడం ఆమె పని. ఎత్తు కొలవడం కాదు, అది పాత పని. ఒక శిఖరం మీద నిలబడి, అంతే ఎత్తున్న నేల మళ్ళీ ఎక్కడ తగులుతుందని నాలుగు దిక్కులా వెతికితే, అన్నిటికన్నా దగ్గరగా దొరికిన చోటు ఎంత దూరమో, అది ఆ శిఖరపు ఏకాంత దూరం. ఎన్నో ఏళ్ళు అది భూగోళం వాళ్ళు పట్టికల్లో రాసుకునే అంకె మాత్రమే. సమతల తరంగం కనిపెట్టాక ఆ అంకెకు ప్రాణాల మీద అధికారం వచ్చింది.

ఆ తరంగం శిఖరం మీద పుడితే పైకి పోదు, కిందికి దిగదు. పుట్టిన ఎత్తులోనే, నిండిన చెరువు మీద అలలా, లోయల మీదుగా సాగిపోతుంది. దారిలో ఏ ఇల్లూ ఏ చెట్టూ దానికి అడ్డు కాదు. తన ఎత్తున్న నేల మొదట ఎక్కడ తగిలితే అక్కడ దిగుతుంది. అక్కడ పలకలు పరిస్తే అది కరెంటుగా మారుతుంది. తీగలక్కర్లేదు, స్తంభాలక్కర్లేదు. ధూళికొండ ఏకాంత దూరం ముప్పై నాలుగు కిలోమీటర్లని నీలవేణి తేల్చింది. ఆ ముప్పై నాలుగో కిలోమీటరులో, మనుషుల్లేని వెలగాడ మెట్ట మీద, పలకలు పరిచి చుట్టూ కంచె వేశారు. తరంగం దిగే చోట ప్రాణి ఉండకూడదు. చెవి లోపల సున్నపు రేణువులుంటాయి. తల వంగిందో నిలిచిందో మనకు చెప్పేవి అవే. తరంగం వాటిని చెదరగొడుతుంది. చెదిరినవి మళ్ళీ కుదురుకోవు. పగలు జనం కొండలెక్కుతారని సాయంత్రం ఆరు నుంచి తెల్లవారి ఆరు వరకే ప్రసారం చేస్తారు.

రెండేళ్ళుగా వెలగాడ కింద నలభై ఊళ్ళు ఆ వెలుగులోనే బతుకుతున్నాయి.

"టీచర్‌గారూ, మీ ఊరు దాసరి మెట్ట మీదేనా?" అని అడిగింది నీలవేణి.

"అవును మేడమ్. మెట్ట నెత్తినే మా బడి."

మూడేళ్ళ కిందట ధూళికొండ చుట్టూ అనుమానించదగ్గ మెట్టలు పదకొండు తేలాయి. పదింటిని ఆమె స్వయంగా ఎక్కి కొలిచింది. పదకొండోది దాసరి మెట్ట. దాన్ని కొలవడానికి జీపులో బయలుదేరిన పొద్దున భర్త శశిధర్ ఫోన్ చేశాడు. ప్రారంభోత్సవం తేదీ ముందుకు జరిగింది, రిపోర్టు ఈ సాయంత్రానికే కావాలన్నాడు. శాటిలైట్ పటంలో మెట్ట ఎత్తు పద్నాలుగు వందల డెబ్భై నాలుగు మీటర్లని ఉంది. తరంగం వెళ్ళేది పద్నాలుగు వందల ఎనభైలో. ఆరు మీటర్ల తేడా ఉందనుకుని ఆమె జీపు వెనక్కి తిప్పించింది. పటంలో ఒక్కో గడి ముప్పై మీటర్లనీ, గడిలో రాసేది సగటు ఎత్తనీ, మొన తేలిన మెట్టల తలలు ఆ సగటులో తెగిపోతాయనీ విద్యార్థులకు పాఠం చెప్పిన మనిషి ఆమె. రిపోర్టులో 'పరిశీలించితిని' అని రాసి సంతకం పెట్టింది. ఆ సంతకమే కేంద్రానికి సర్టిఫికెట్.

శశిధర్ కంట్రోల్ రూములో ఉన్నాడు. ఈ కేంద్రానికి అతనే అధికారి. మూడు రాత్రులుగా నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి. నీలవేణి విన్నదంతా అతనికి చెప్పింది.

"వెలగాడలో కరెంటు ఎంత తక్కువొస్తోంది శశీ? నిజం చెప్పు."

"మూడో వంతు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ." అతను తల తిప్పుకున్నాడు. "దారిలో నష్టం అని రాశాను. నష్టం ఉండకూడదని నాకూ తెలుసు. అప్పుడు ఆపి వెతికితే కేంద్రమే మూసేసేవాళ్ళు నీలా."

"ఆ మూడో వంతు తాగింది మనుషులు. ఇవాళ ప్రసారం ఆపెయ్."

శశిధర్ బల్ల మీదున్న కాగితం ఆమె వైపు జరిపాడు. వెలగాడ ఆస్పత్రి నుంచి వైర్‌లెస్‌లో వచ్చిన సమాచారం. పసిపిల్లల వార్డులో ఇరవై ముగ్గురున్నారు. ఆరుగురు యంత్రాల మీద ఊపిరి తీస్తున్నారు. డీజిల్ అయిపోయింది, లారీలు చరియల అవతల నిలిచిపోయాయి. రాత్రి కేంద్రం పంపే కరెంటును బ్యాటరీల్లో నింపుకుని పగలు గడుపుతున్నారు. బ్యాటరీలు సాయంత్రం ఆరింటిదాకా వస్తాయి.

"ఇప్పుడు చెప్పు. నువ్వు సర్టిఫికెట్ రద్దు చేశానను, నేను ఆపేస్తాను. అధికారం నీకుంది."

ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివింది. తరవాత గోడ గడియారం చూసింది. తొమ్మిదిన్నర.

"నేను రద్దు చెయ్యను. ఆరింటిలోగా వాళ్ళని కిందికి దింపుతాను. తరంగం మట్టానికి దిగువన ఉంటే ఏం కాదు."

"నాలుగు మీటర్లు దిగువన. అంతకన్నా దగ్గర వద్దు," అన్నాడు శశిధర్.

జీపులో దమయంతి టీచర్, నీలవేణి ఉసిరిపుట్టు చేరేసరికి రెండయింది. దారిలో రెండు చోట్ల దిగి రాళ్ళు తొలగించాల్సి వచ్చింది. జీపును ఊరి దిగువన ఆపి, వైర్‌లెస్ సెట్టు అందులోనే ఉంచి పైకెక్కారు. దమయంతి పడిపోతున్నవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి చూసి వచ్చేలోగా నీలవేణి బడి దగ్గర శాటిలైట్ రిసీవర్ నిలబెట్టింది. గంట తరవాత అంకె వచ్చింది. పద్నాలుగు వందల ఎనభై మూడు. మెట్ట తల తరంగం కంటే మూడు మీటర్లు పైనుంది. ధూళికొండ నుంచి తొమ్మిది కిలోమీటర్లు. అంతే ఆ శిఖరపు ఏకాంత దూరం.

తాపీ మేస్త్రీలు వాడే నీటి గొట్టం ఆమె సంచిలో ఉంది. గొట్టం ఒక కొస తను, రెండో కొస దమయంతి పట్టుకుని, నీళ్ళు రెండు వైపులా ఏ ఎత్తులో నిలుస్తున్నాయో చూస్తూ, బడికి వెల్ల వేయగా మిగిలిన సున్నంతో ఊరి నడుమ, తరంగం మట్టానికి నాలుగు మీటర్ల దిగువన, గీత గీసుకుంటూ పోయారు. గీత పశువుల పాక వెనక నుంచి వెళ్ళింది, ఒక ఇంటి గడప మీదుగా వెళ్ళింది. ఏడిళ్ళు పైన మిగిలాయి, ఏడు కిందయ్యాయి.

గాసన్న భార్య సుక్రి తన వాకిట్లో కూర్చుని ఆ గీతను చూసింది. ఆమె కూడా నిలబడలేని పదిహేడు మందిలో ఒకతి.

"ఇదేటమ్మా?"

"దీని పైన ఉన్నవాళ్ళకే ఈ జబ్బు వచ్చింది. మా కొండ మీంచి పంపే కరెంటు వల్ల వచ్చింది. ఆరింటికి మళ్ళీ పంపుతారు. అందరూ గీత దిగిపోవాలి."

"మీ కరెంటా? మా ఊరికి కరెంటే నేదు కదమ్మా."

నీలవేణి ఆమె ఎదురుగా కూర్చుంది. "నేను ఈ మెట్ట ఎక్కి కొలవాల్సింది. ఎక్కలేదు. ఎక్కానని రాశాను," అంది.

సుక్రి ఆమె ముఖంలోకి చూసింది. తిట్టలేదు. "దింపండయితే," అంది.

కింద ఇళ్ళ మగవాళ్ళు దుప్పట్లు కర్రలకు కట్టి డోలీలు చేశారు. ఎర్రమట్టి బురదయింది. ఒక్కో డోలీ దిగడానికి పదిహేను నిమిషాలు పట్టింది, మోసేవాళ్ళు జారి ఒకరి కాలు బెణికింది. ఉన్నవి మూడే డోలీలు. నడవగలిగిన పిల్లల్ని దమయంతి తాడు పట్టించి వరసగా దింపింది. నీలవేణి ఒక ముసలామెను వీపున వేసుకుని దింపి, రొప్పుతూ మళ్ళీ ఎక్కింది. గాసన్నను నాలుగున్నరకే దింపారు. అయిదూ నలభైకి ఆఖరి డోలీ గీత దాటింది.

దమయంతి పేర్లు పిలిచింది. పదహారు మంది పలికారు.

"గాసన్న ఏడీ?"

సుక్రి ఏడుస్తూ పైకి చూపించింది. "ఎడ్లు కట్టేసున్నాయని పాక్కుంటా ఎల్లిపోనాడు. వద్దంటే విన్నాడు కాదు."

నీలవేణి దమయంతి భుజం పట్టుకుంది. "సెట్టు దగ్గరికి పరుగెత్తండి. సార్‌ని పది నిమిషాలు ఆగమనండి. నేను దిగాక మీకు కేకేస్తాను. అప్పుడు చెప్పండి."

ఆమె పైకి పరుగెత్తింది. వలిసె చేలు విరగబూసి ఉన్నాయి. ఆ పసుపులో మనిషి ఎక్కడ పడున్నాడో కనబడదు. పేరు పెట్టి పిలుచుకుంటూ చాళ్ళ వెంట వెతికింది. బడి వెనక, మెట్ట నెత్తికి దగ్గరగా, ఎడ్ల మెడల గంటలు వినిపించాయి. తాళ్ళు విప్పి ఉన్నాయి. గాసన్న గట్టు కింద వెల్లకిలా పడి ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చావమ్మా? నాకు పోయేదేటుంది?" అన్నాడు.

"ఇంకా పోయేది చాలా ఉంది. లే."

అతను లేవలేకపోయాడు. ఆమె అతని చంకల కింద తువ్వాలు వేసి లాగింది. పది అడుగులు లాగి ఆగింది. మళ్ళీ లాగింది. బురదలో మడమలు జారి తనూ కూలబడింది. చేతి గడియారం ఆరు దాటి మూడు నిమిషాలని చూపించింది. ఏమీ కాలేదు. శశిధర్ ఆగాడన్నమాట. ఆరూ ఏడు. ఆరూ పది. దిగువన సున్నపు గీత తెల్లగా కనిపిస్తోంది. దానికి ఇవతల ఒక రాతి గోడ అడ్డుంది. గాసన్నను గోడ ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారికి అతను అవతల పడ్డాడు, వెనకే తనూ గోడ దిగింది. ఆమె కేకేసింది, ఇంకాస్త ఆగమని. గాలికి ఆ కేక చేలలోనే పోయింది.

ఆరూ పద్నాలుగుకి నేల పక్కకి ఒరిగింది.

శబ్దం లేదు, వెలుగు లేదు. కొండంతా పడవలా ఎడమ వైపుకి వాలి, ఆమెను కిందికి జారవిడిచినట్టయింది. ఆమె రెండు చేతులతో గడ్డి పట్టుకుంది. ఆకాశం కాళ్ళ కిందికి వచ్చింది. కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. అప్పుడు పైనా కిందా రెండూ పోయాయి.

"కళ్ళు ముయ్యకమ్మా." గాసన్న గొంతు చెవి పక్కనే వినిపించింది. "తెరువు. దూరంగా ఏదైనా ఒక్కదాన్ని చూడు. గట్టిగా చూడు, వదలకు. రెండేళ్ళుగా నేను అలాగే నడస్తన్నాను."

ఆమె సున్నపు గీతను చూసింది. అది పాములా మెలికలు తిరిగింది. వదలకుండా చూసింది. గాసన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ బొర్లా పడుకుని, మోచేతుల మీద, గీత దాకా పాక్కుంటూ వెళ్ళారు. గీత అవతల సుక్రి చేతులు చాపి ఉంది.

తరవాత రెండు రాత్రులు కూడా ప్రసారం జరిగింది. ఊరంతా గీత దిగువన, బడి పిల్లల చాపల మీద పడుకుంది. నీలవేణి వాళ్ళ మధ్యే పడుకుంది. మూడో రోజు చరియలు తొలగించి డీజిల్ లారీలు వెలగాడ చేరాయని తెలిశాక, దమయంతి చేత కాగితం పట్టించుకుని, ధూళికొండ ఏకాంత దూరం తొమ్మిది కిలోమీటర్లని రాసి, పాత సర్టిఫికెట్ రద్దు చేసింది. అక్షరాలు కాగితం మీద ఏటవాలుగా పోయాయి.

నెల తరవాత ఊళ్ళోనే విచారణ పెట్టారు. కమిటీలో ఒక పెద్దాయన మర్యాదగానే మాట్లాడాడు. మెట్ట తల పది మీటర్లు కోసేస్తే మళ్ళీ ముప్పై నాలుగు కిలోమీటర్లు అవుతుందన్నాడు. నలభై ఊళ్ళకు మళ్ళీ వెలుగొస్తుందన్నాడు. నష్టపరిహారం, కింద కొత్త ఇళ్ళు ఇస్తామన్నాడు. నీలవేణి నిపుణురాలిగా సంతకం పెడితే చాలన్నాడు.

"మీ లెక్క తప్పయితే మా కొండ కోస్తారేటండీ?" అని అడిగింది సుక్రి.

నీలవేణి కుర్చీ చేతులు పట్టుకుని లేచింది, ఒరిగింది, దమయంతి పట్టుకుంది. తను సంతకం పెట్టనని చెప్పింది. పరిశీలించకుండా పరిశీలించితినని రాసింది తనేనని, కరెంటు తగ్గిన సంగతి దాచింది తన భర్తేనని, రెండూ రాసుకోమని చెప్పింది. శశిధర్ కమిటీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అవునన్నాడు. ధూళికొండ కేంద్రానికి తాళం పడింది. నలభై ఊళ్ళలో దీపాలు మళ్ళీ వెలగలేదు. వెలగాడ నుంచి వచ్చిన జనం ఉసిరిపుట్టు వాళ్ళను తిట్టి వెళ్ళారు.

విశాఖపట్నంలో వాళ్ళ ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. నీలవేణి గది నుంచి గదికి గోడ పట్టుకుని నడవడం నేర్చుకుంది. తలంటుకునేటప్పుడు కళ్ళు మూసుకుంటే పడిపోతుంది కాబట్టి శశిధర్ స్టూలు వేసి, వెనక నిలబడి నీళ్ళు పోస్తాడు. ఉద్యోగం పోయాక వంట కూడా అతనే. ఇద్దరూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం అతను ఆమె తడి జుట్టు తుడుస్తుంటే ఆమే అడిగింది.

"పద్నాలుగు నిమిషాలు ఆగావు. నేను దిగానని ఎవరైనా చెప్పారా?"

అతని చేతులు ఆగాయి. "లేదు. టీచర్ 'ఇంకా రాలేదు సార్, ఇంకా రాలేదు సార్' అంటూనే ఉంది."

"మరి?"

"ఇంకో సెట్టులో వెలగాడ డాక్టరు ఉన్నాడు." శశిధర్ వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "ఆరింటికి బ్యాటరీలు ఆగిపోయాయి. యంత్రాల మీద ఆరుగురు. చేత్తో బెలూన్ నొక్కి ఊపిరి పోసేవాళ్ళు అయిదుగురే ఉన్నారు. ఒకరు మార్చి ఒకరు నొక్కారు. నేను నిన్ను తలుచుకుని పది నిమిషాలు దాటించాను. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకున్నాను. పద్నాలుగో నిమిషంలో ఒక బిడ్డ పోయిందన్నాడు డాక్టరు. అప్పుడు స్విచ్ వేశాను. నువ్వు పైనున్నావని తెలిసే వేశాను."

కింద వీధిలో చీపుర్లవాడు కేకేసుకుంటూ వెళ్ళాడు. నీలవేణి అతని ముఖాన్ని వదలకుండా చూసింది. చూపు వదిలితే గది తిరిగిపోతుంది.

"ఇరవై ముగ్గురూ బతికారని పేపర్లో వచ్చింది."

"పేపర్లో అలాగే వచ్చింది. ఆ పిల్ల ఎలాగూ బతికేది కాదని రికార్డులో రాశారు. బతికేదో కాదో ఎవరికీ తెలీదు నీలా."

"ఆడపిల్లా?"

"ఆడపిల్ల."

"పేరు?"

"నాలుగు రోజుల పిల్ల. ఇంకా పేరు పెట్టలేదు."

ఆమె చాలాసేపు ఏడవలేదు. తరవాత ఏడ్చింది. అతను ముందుకు జరగలేదు. జరగాలో లేదో అతనికి తెలియలేదు. చివరికి ఆమే చెయ్యి చాపింది. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వాళ్ళది ఏ ఊరు?"

"వెలగాడ దిగువన, చింతలవీధి. తల్లి కూలికి వెళ్తుంది. తండ్రి తాపీ పని."

"రేపు వెళ్దాం."

"వెళ్ళి ఏం చెబుతాం?"

"ఎన్ని నిమిషాలు ఆగావో చెబుదాం. ఎవరికోసం ఆగావో చెబుదాం. ఎందుకు ఆగాల్సి వచ్చిందో నేను చెబుతాను." ఆమె లేవబోయి ఒరిగింది. అతను పట్టుకున్నాడు. "ఆ తరవాత వాళ్ళేమన్నా విందాం."